పెట్టె మూత మీద జోస్యాలు

జూన్ మూడో వారం. ఉదయం పదకొండు ఇరవైకి పోస్టుకు చేరాను. ఎత్తు పదకొండు వేల రెండు వందల అడుగులు. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఐదు గంటల నడక. వీపు మీద ఇరవై నాలుగు కిలోలు, చేతిలో రైఫిల్, ఒంటి మీద బుల్లెట్ ప్రూఫ్ జాకెట్. రెండు వారాల క్రితం భిలాయి స్టేషన్లో రైలెక్కినప్పుడు చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇక్కడ ముక్కు చివర స్పర్శే లేదు.

పోస్టు అంటే భిలాయిలో మా పేట క్యాంప్ 1 లో చాలామంది ఇప్పటికీ చిన్న కోట అనుకుంటారు. ఎన్ని గదులుండేవి, టీవీ ఉండేదా అని అడుగుతారు. రాళ్ళు, ఇసుక బస్తాలు, రేకులు, అంతే. మూడు బంకర్లు. కాపలా నిలబడే గుంటలు నాలుగు, వాటిని మోర్చాలంటాం. పద్దెనిమిది మందిమి. మంచినీళ్ళ ఊట నాలుగు వందల మీటర్ల కింద. ఎదురు కొండ మీద సరిహద్దు అవతలి వాళ్ళ పోస్టు. గాలి మా వైపు వీచినప్పుడు వాళ్ళ వంటవాడి దగ్గు వినిపించేది. మా వంటవాడు దానికి కషాయం చెప్పేవాడు, వినపడదని తెలిసినా.

పోస్ట్ కమాండర్ ఒక సుబేదార్. గఢ్వాల్ మనిషి, తక్కువ మాట్లాడేవాడు. నేను రిపోర్ట్ చేసినప్పుడు నా కాగితాలు చూసి అడిగాడు.

"ఊరు?"

"భిలాయి, సాబ్."

"ఇనుము ఊరు. మంచిది. మోర్చా రెండు నీది. పొద్దుగుంకే వేళ స్టాండ్-టు. అందరూ చోట్లలో ఉండాలి. నా మాట లేకుండా కదలకూడదు."

ఆ రోజు నుంచి నా పేరు భిలాయి. నేను హవల్దార్‌ని, పదిహేనేళ్ళ సర్వీసు. అయినా అందరికీ భిలాయినే.

మొదటి సాయంత్రం పెద్ద బంకర్లో పొయ్యి పక్కన గోడకి కొట్టిన ఒక చెక్క చూశాను. మందుగుండు పెట్టె మూత. దాని మీద సుద్దముక్కతో వరుసలు. మాకు ముందెప్పుడో ఒక యూనిట్ వాళ్ళు మొదలుపెట్టారు, చేతులు మారుతూ మాకు అప్పగింతల్లో వచ్చింది. రేడియోలో ఏ నాయకుడు ఏ జోస్యం చెప్పినా, దాన్ని గడువుతో సహా ఆ మూత మీద రాయడం అక్కడి ఆచారం. మన నాయకులవీ, అవతలి వాళ్ళవీ. గడువు తీరాక టిక్కో, ఇంటూనో. పైన పెద్ద అక్షరాలతో నియమం కూడా ఉంది: గడువు తీరకముందు ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ఆరు నెలల్లో యుద్ధం తప్పదన్నాడు ఒకాయన. దాని పక్కన ఇంటూ. రెండేళ్ళలో ఈ లోయలోకి రైలొస్తుందన్నాడు ఇంకొకాయన. దానికీ ఇంటూ. అవతలి నాయకుడు ఒకడు, చలికాలం లోపు మనవాళ్ళే వచ్చి బతిమాలుకుంటారన్నాడు. ఇంటూ. ఐదేళ్ళలో ఇంటింటికీ ఉద్యోగం అన్నదానికి ఇంకా మూడేళ్ళ గడువుంది.

సుద్దముక్క సిగ్నల్ జవాను దగ్గర ఉండేది. వయసు ఇరవై నాలుగు, మరాఠ్వాడా కుర్రాడు, నోరు ఊరుకోదు. రేడియో సెట్టు అతని చేతిలో ఉండేది కాబట్టి జోస్యాల శాఖ కూడా అతనిదే.

"భిలాయి సాబ్, మూత మీద ఒక్క టిక్కు కూడా లేదు చూశారా?"

"చూశాను. యుద్ధం వస్తుందన్నవి కూడా తప్పాయిగా. సంతోషించు."

అదీ నిజమే. మా వంటవాడికి ఆ మూత మీద అన్నిటికంటే ఇష్టమైనది యుద్ధం పక్కనున్న ఇంటూ.

నేను నవ్వాను గానీ, ఆ నవ్వు మా ఇంట్లో చెల్లేది కాదు. ఆ సంగతి చెప్పాలి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రేకు పెట్టెతో భిలాయి వచ్చాడు. అప్పటికి ఉక్కు ప్లాంటు లేదు. ఎర్రమట్టి, చెరువులు, పొలాలు. ఒక నాయకుడు చెక్క వేదిక ఎక్కి, ఇక్కడ ఇనుము పొంగుతుంది, మీ పిల్లలు కరెంటు దీపం కింద చదువుకుంటారు అన్నాడట. తాత ఆ మాట పట్టుకుని తట్టలతో మట్టి మోశాడు. క్యాంప్ 1 లో గుడిసె వేసుకున్నాడు. ఇనుము పొంగింది. మా నాన్న కరెంటు దీపం కిందే చదివాడు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పర్మనెంట్ అయ్యాడు, ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. నేను ప్లాంటు ఆసుపత్రిలో పుట్టాను, ప్లాంటు బడిలో చదివాను. నాయకుల మాట వట్టిదని నాన్న ముందు ఎవరైనా అంటే, ఆయన కోపం కూడా తెచ్చుకోడు. అయితే మనం ఇక్కడెలగున్నాం మరి అంటాడు.

ఆదివారాల్లో ఆర్మీ ఫోన్. మనిషికి మూడు నిమిషాలు. నాన్న అందులో రెండు నిమిషాలు రాజకీయాలకే వాడేవాడు.

"తిన్నావేట్రా? చలెలగున్నాది?"

"బాగానే ఉంది నాన్నా."

"మంత్రి సెప్పాడు, ఇన్నావా? రెండేపులోళ్ళూ కూకుని మాట్లాడుకుంటన్నారట. ఇంక గొడవలుండవురా. నువ్వేటీ టెన్షన్ పడకు. పక్కా."

"మీకెవరు చెప్పారు నాన్నా పక్కా అని?"

"ఆయనే సెప్పాడ్రా! టీవీలో. నాను సూడనేదేటి?"

ఎదుటివాడు మనసులో ఏమనుకున్నాడన్నది ఆయన లెక్కలోకి రాదు. నోటితో అన్నాడంటే చేస్తాడు. కోక్ ఓవెన్స్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్ అన్న మాట అలాగే జరిగేది మరి.

ఇక చాచా గురించి.

పోస్టుకి కిరోసిన్, బియ్యం, పప్పు మోసుకొచ్చే పోర్టర్ అతను. అరవై దాటిన మనిషి. ఒక కంచర గాడిద, ఒక కర్ర, ఎప్పుడూ తడిగా ఉండే రబ్బరు బూట్లు. అందరం చాచా అనేవాళ్ళం. కొండ కింది మడతలో ముప్పై ఐదు నిమిషాల దూరంలో అతని ఊరు. ఇరవై ఇళ్ళు. ఆ వసంతంలో ఒకసారి అవతలి నుంచి మోర్టార్ గుండ్లు పడ్డాక, చాచా తన భార్యని ఇంకా కిందికి, ఆమె తమ్ముడి ఊరికి పంపేశాడు. ఇంట్లో అతనూ, గాడిదా.

నాతో అతనికి మాటలు కలిశాయి. నేను ఇనుము ఊరి వాణ్ణని తెలిసి, గాడిద నాడాలు చూపించి, ఇది మీ ఊరిదేనా అని అడిగాడు. కావచ్చు అన్నాను. అప్పటి నుంచి నాడా అరిగితే నాకే ఫిర్యాదు.

"మీ ఊళ్ళో సరిగ్గా కాల్చట్లేదు బేటా. రెండు నెలలకే పోయింది."

"మా నాన్నకి చెప్తాను చాచా."

సెప్టెంబర్ మొదటి వారం. పగలు పదకొండుకి ఒక పెద్ద నాయకుడి బహిరంగ సభ రేడియోలో వచ్చింది. డ్యూటీ లేనివాళ్ళం అందరం పొయ్యి చుట్టూ చేరాం. సుబేదార్ సాబ్ కూడా వచ్చి నిలబడ్డాడు. మంచు పడే లోపు ఈ సరిహద్దులో తుపాకులు మూగబోతాయన్నాడు ఆ నాయకుడు. రోడ్డు పూర్తవుతుంది, ఆసుపత్రి వస్తుంది, మూడేళ్ళలో ఈ లోయకి జనం చూడటానికి వస్తారన్నాడు. గొంతు బాగుంది. ఒకచోట ఆగాడు. ఆ ఆగడంలో నాకు నిజం వినిపించింది. నిజంగా చెప్తున్నాను, నాకు నమ్మాలనిపించింది.

రోడ్డు పని అప్పటికే మొదలైంది కూడా. రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర, ఆరు నలభై దాకా మా వైపే, ఊరి అవతల వాగు దగ్గర కొండ పేల్చేవాళ్ళు. మొదట్లో ప్రతి చప్పుడుకీ తలలు దించాం. వారం తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

వంటవాడు హల్వా చేశాడు. సిగ్నల్ జవాను మూత మీద రాశాడు: మంచు పడే లోపు తుపాకులు బంద్.

చాచా కిరోసిన్ డబ్బాలు దింపి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. హల్వా ఇచ్చాం. తినలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"బేటా, అక్రోట్లు పండాయి. పది రోజుల్లో దులపాలి. లేకపోతే ఎలుగులు తింటాయి. నా ముసల్ది రోజూ కబురు పంపిస్తోంది, వస్తాను వస్తాను అని. నీకు చదువుంది, రేడియో అర్థమవుతుంది. తీసుకురానా?"

ఇలాంటి ప్రశ్నకి జవాబు చెప్పడం నా పని కాదు. దానికి సివిల్ అధికారులున్నారు. నాకు తెలియదు చాచా అనొచ్చు. సుబేదార్ సాబ్‌ని అడుగు అనొచ్చు. ఆయన మూడు అడుగుల దూరంలో బూటు లేసు కట్టుకుంటున్నాడు. కానీ చాచా నన్నడిగాడు. నా మొహం చూస్తూ అడిగాడు. ఆ మొహం నా నుంచి ఒక మాట కోసం చూస్తోంది. ఆ మాట నా దగ్గర ఉంది. ఉదయమే రేడియోలో విన్నాను, ఆదివారం నాన్న నోట విన్నాను.

"తీసుకురా చాచా. ఈసారి నిజంగానే ఆగేటట్టుంది. నీ ఇంటికేం కాదు."

అతను అప్పుడు హల్వా తిన్నాడు.

సిగ్నల్ జవాను ఊరుకుంటాడా? సుద్దముక్క తీసి ఆ నాయకుడి వరుస కిందే ఇంకో వరుస రాశాడు: భిలాయి చెప్పినది, చాచా ఇంటికేం కాదు, గడువు మంచు పడే దాకా. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగానే అనిపించింది. సిగ్గు విడిచి చెప్తున్నాను.

మూడో రోజు చాచీ వచ్చింది. పోస్టు అంచు నుంచి చూస్తే వాళ్ళ ఇంటి మట్టి కప్పు కనిపించేది. ఒక మూల గడ్డివామి. మిగతా అంతా ఆరబోసిన అక్రోట్లు. ఆమె వాటి మధ్య నడుస్తూ కర్రతో తిరగేసేది. నేను బైనాక్యులర్‌లో రోజుకోసారి చూసుకునేవాణ్ణి. నా మాట నిలబడుతోందా అని చూసుకోవడం అది, ఇంకేం కాదు.

పదకొండో రోజు.

స్టాండ్-టు పద్దెనిమిది ముప్పైకి, అంటే సాయంత్రం ఆరున్నరకి. నేను మోర్చా రెండులో. మోర్చా రెండు నుంచి ఊరు కనిపించదు, మధ్యలో కొండ భుజం అడ్డం. ఆకాశం శుభ్రంగా ఉంది. గాలి తక్కువ. పద్దెనిమిది ముప్పై ఎనిమిదికి రెండు చప్పుళ్ళు. రోడ్డు వాళ్ళు, ఈ రోజుకి చివరి పేలుళ్ళనుకున్నాను.

పద్దెనిమిది నలభై ఒకటికి కొండ భుజం మీద ఆకాశం ఎర్రబడింది.

టైము ఎందుకు గుర్తుందంటే, ఎరుపు చూడగానే నేను గడియారం చూశాను. కంగారుతో కాదు. చిన్నప్పటి అలవాటు కొద్దీ, నాన్న ఏ షిఫ్ట్‌లో ఉన్నాడో లెక్కేసుకోవడానికి.

ఇది భిలాయిలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పాలి. ఫర్నేస్‌లో ఇనుము కరిగాక మిగిలే చెత్తని స్లాగ్ అంటారు. దాన్ని నిప్పులా ఉండగానే పెద్ద పెద్ద గంగాళాల్లో తీసుకెళ్ళి డంపు మీద ఒంపేవాళ్ళు. ఒంపినప్పుడు సగం ఆకాశం ఎర్రబడేది. క్యాంప్ 1 లో మా డాబా మీద నుంచి కనిపించేది. ఆ వెలుగులో మా అమ్మ బియ్యంలో రాళ్ళేరేది. చిన్నప్పుడు నాకు ఎర్రటి ఆకాశం అంటే ప్లాంటు నడుస్తోంది, నాన్న పనిలో ఉన్నాడు, జీతం వస్తుంది, ఏ భయం లేదు. ఆకాశం నాలుగు రోజులు నల్లగా ఉంటే మా వీధి వీధంతా గుసగుసలాడేది, ఏమైంది, స్ట్రైకా, షట్‌డౌనా అని. మాకు భయం చీకటితో వచ్చేది. ఎరుపుతో కాదు.

ఆ రోజు మోర్చాలో నిలబడి నేను ఆ ఎరుపుని చూసి సంతోషపడ్డాను. రైఫిల్ మీద చేతులు పెట్టుకుని, మూడు నెలల తర్వాత మొదటిసారి, ఇంట్లో ఉన్నట్టు నిలబడ్డాను.

పద్దెనిమిది నలభై మూడుకి వైర్‌లెస్ సెట్టులో సిగ్నల్ జవాను గొంతు. రోజూ అదే టైముకి అడిగేవాడు.

"మోర్చా రెండు, రిపోర్ట్."

"మోర్చా రెండు. అంతా ఓకే."

అంతా ఓకే అన్నాను. ఆ గొంతు నాదే.

పద్దెనిమిది నలభై ఐదుకి పొగ వాసన వచ్చింది. ఎండుగడ్డి పొగ. కోక్ వాసన కాదు. పన్నెండు వందల మైళ్ళ దూరంలో ఉంది నా ఫర్నేస్. ఇక్కడ కాలేది ఏముంటుంది?

"మోర్చా రెండు నుంచి కంట్రోల్! ఊరివైపు మంట! చాచా ఊరు! ఆ రెండూ మోర్టార్లు!"

సెట్టులో సుబేదార్ సాబ్ గొంతు.

"నర్సింగ్ అసిస్టెంట్, స్ట్రెచర్, నలుగురు. ఇప్పుడే."

"సాబ్, నేను వెళ్తాను."

"నీ చోటు అదే. వెనక ఏం వస్తుందో తెలియదు. కదలకు."

కదల్లేదు. ఎరుపు పసుపు రంగులోకి మారి, తగ్గి, పోయింది. ఇరవై గంటల ఐదు నిమిషాలకి సెట్టులో కింద నుంచి మాట వచ్చింది. ఒక సివిలియన్. మహిళ. ఎడమ కాలు. ప్రాణం ఉంది. రోడ్డుకి తీసుకెళ్తున్నాం.

ఒక గుండు గడ్డివామి మీద, ఒకటి వాకిట్లో పడింది. చాచా నీళ్ళకి వెళ్ళాడు. చాచీ కప్పు మీద అక్రోట్లు ఎత్తి గోనెలో పోస్తోంది. ఎందుకు కాల్చారో, ఎవరి తప్పో, ఈ రోజుకీ నాకు తెలియదు. రెండు గుండ్లు, అంతే. దాని తర్వాత ఒక్క తూటా పేలలేదు.

చాచీ ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

మర్నాడు నర్సింగ్ అసిస్టెంట్‌ని పొయ్యి దగ్గర అడిగాను. కేరళ మనిషి, మెత్తని మాట.

"నిజం చెప్పు. నాలుగు నిమిషాల ముందు బయల్దేరి ఉంటే?"

"కాలు నిలబడేది కాదు సాబ్. నాలుగు నిమిషాలకి ఏం తేడా రాదు."

పొయ్యిలో పుల్ల సర్దుతూ అన్నాడు ఆ మాట. నా వైపు చూడలేదు. అది నిజమో, నాకు పెట్టిన కట్టో, ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను.

ఆరో రోజు చాచా కిరోసిన్ మోసుకుని వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. నేను ఎదురెళ్ళి డబ్బా దించాను. చెప్పకపోతే చచ్చిపోతాననిపించింది. అంతా చెప్పాను. తీసుకురమ్మన్నది నేను. మంట చూసి నాలుగు నిమిషాలు నోరు మూసుకున్నదీ నేనే.

"మంట చూసి కూడా ఎందుకు ఊరుకున్నావు బేటా?"

స్లాగ్ సంగతి చెప్పాను. డాబా, అమ్మ, బియ్యం, అన్నీ. నా హిందీ తడబడింది. అతను గాడిద మెడ నిమురుతూ విన్నాడు.

"అంటే నీకు మీ ఇల్లు కనిపించింది."

"అవును చాచా."

"నాకూ అంతే. నేనూ రేడియో విన్నానుగా. నాకు కావాల్సిన మాట నీ నోటితో చెప్పించుకున్నాను. సభలో ఆ పెద్దాయన్ని కూడా జనం నాలాగే ఆశగా చూసి ఉంటారు, ఆయనా చెప్పేసి ఉంటాడు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టు మొయ్యడం నాకు అలవాటే, సైన్యంలో మొదట నేర్పేది అదే.

అప్పటిదాకా నేను జోస్యాలు చెప్పేవాళ్ళని చూసి నవ్వేవాణ్ణి. వేదిక మీద ఉంటాడు, మనకేం తెలుసు వాడికి ఏం కావాలో అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది. ఎదురుగా ఒక మొహం ఉంటుంది. అది ఒక మాట కోసం చూస్తుంది. ఆ మాట ఇవ్వకుండా ఉండటానికి చాలా బలం కావాలి. నాకు ఒక్క మొహం ముందే ఆ బలం లేకపోయింది. వాళ్ళ ముందు లక్ష ఉంటాయి.

నవంబర్ రెండో వారంలో మంచు పడింది. ఉదయం లేచేసరికి మోర్చా అంచులు తెల్లగా ఉన్నాయి. పెద్ద బంకర్లో సిగ్నల్ జవాను సుద్దముక్క పట్టుకుని మూత ముందు నిలబడ్డాడు. రెండు వరుసలకీ గడువు తీరింది. మంచు పడే లోపు తుపాకులు బంద్ అన్న మాట ప్రకారం చూస్తే, నిజంగానే అవతలా ఇవతలా అన్నీ మూగగా ఉన్నాయి. మూత మీద పడే మొదటి టిక్కు అది.

"సాబ్, ఏం రాయాలి?"

సుబేదార్ సాబ్ రెండు వరుసలూ చదివాడు.

"వదిలెయ్యి."

నేను సుద్దముక్క అడిగి తీసుకుని, నా వరుస పక్కన ఇంటూ పెట్టాను. వంటవాడు టీ పోశాడు.

ఆ చలికాలం పొయ్యి దగ్గర జోస్యాలు తగ్గిపోయాయి. రేడియోలో వస్తే వినేవాళ్ళం, రాసేవాళ్ళం కాదు. సిగ్నల్ జవానుకి కూతురు పుట్టిన వార్త వచ్చిన రోజు, పెద్దయ్యాక ఏమవుతుందో చెప్పండి భిలాయి సాబ్ అన్నాడు. ముందు అన్నప్రాశన కానివ్వు అన్నాను.

మళ్ళీ జూన్. మా ఏడాది ముగిసింది. ఉదయం ఆరుకి పోస్టు అప్పగించి దిగాం. మూత కూడా అప్పగించాం. సామాను కిందికి పంపి, సుబేదార్ సాబ్ దగ్గర ఇరవై నిమిషాలు అనుమతి తీసుకుని చాచా ఇంటికి వెళ్ళాను.

కాలిన గోడకి కొత్త మట్టి పూశారు. చాచీ మంచం మీద కూర్చుని రాజ్మా గింజలు ఏరుతోంది. పక్కన చంకకర్ర. నేను చేతులు జోడించి నిలబడ్డాను. కూర్చోమంది. చాచా ఉప్పు టీ తెచ్చాడు.

గుమ్మం పక్కన ఒక జత రబ్బరు బూట్లు ఉన్నాయి. రెండూ తుడిచి, రెండూ పక్కపక్కన, మడమలు గోడకి ఆనించి. నేను చూడటం చాచా చూశాడు.

"చలికాలంలో ఒక నాయకుడు వచ్చాడు బేటా, జిల్లా ఊరికి. దెబ్బలు తగిలినవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఈమె దగ్గరికి వచ్చాడు. ఆరు నెలల్లో కాలు పెట్టిస్తాం అమ్మా, నడుస్తావు అన్నాడు. అందుకే జత కొన్నాను. ఒక్కటి ఎవరమ్ముతారు?"

"రోజూ రెండూ తుడుస్తాడు," అంది చాచీ. "పిచ్చోడు." అని, గింజలు పక్కన పెట్టి నా వైపు చూసింది. "బేటా, నువ్వు రేడియో వింటావుగా. వస్తుందంటావా కాలు?"

అదే చూపు. ఆ రోజు చాచా మొహంలో చూసినది, ఇప్పుడు చాచీ మొహంలో. ఔనను, ఔనంటే ఏం పోతుంది అని నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదు చాచీ," అన్నాను. "కానీ వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను."

ఆమె మొహంలో ఏదో తగ్గింది. కానీ తలూపింది. చాచా మొహం తిప్పుకుని బూట్ల మీద దుమ్ము తుడిచాడు, అక్కడ దుమ్మేమీ లేదు. అతను పక్కకి తీసుకెళ్ళి నా జేబులో నాలుగు అక్రోట్లు పోశాడు.

రెండేళ్ళ తర్వాత సర్వీసు ముగించుకుని భిలాయి వచ్చేశాను. రుఆబాంధా దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీ గేటులో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. నెలకోసారి, మొదటి సోమవారం, చాచీ కాలి సంగతి అడగడానికి వాళ్ళ జిల్లా ఆఫీసుకి ఫోన్ చేస్తాను. అర్జీలు మూడు పంపాను, మా పాత కమాండింగ్ ఆఫీసర్‌తో ఒకటి రాయించాను. ఫైలు నడుస్తోందంటారు. అక్కడి గుమాస్తాకి నా గొంతు గుర్తు. మంచివాడే. వచ్చే నెల చేయండి సార్ అంటాడు. చేస్తాను.

కాలు పెట్టిస్తామన్న ఆ నాయకుడి మీద నాకు కోపం లేదు. ఆయన కూడా ఆ రోజు ఆమె మొహం చూశాడు. చూసి ఆ మాట అనకుండా ఉండలేకపోయాడేమో. కాకపోతే అన్నాక ఏం చెయ్యాలో కూడా ఉంటుంది. ఆయన మరిచిపోయి ఉంటే, గుర్తు చేసే పని నాది.

సాయంత్రాలు క్యాంప్ 1 లో మా నాన్న దగ్గరికి వెళ్తాను. డాబా మీద కుర్చీలేసుకుని కూర్చుంటాం. పక్కింటి మామయ్య వస్తాడు. ప్లాంటులో పట్టాలు చేసే రైల్ మిల్లులో చేసి రిటైరైనవాడు. టీవీలో ఏదైనా వేడిగా నడిచిన రోజు ఆయన నన్ను వదలడు.

"ఏటి బాబూ, యుద్ధమొస్తాదంటావా? నువ్వు బోర్డర్ల సేసినోడివి. నీకు తెలవాలి కదా?"

"తెలీదు మామయ్యా."

"అదేటి! ఆ లీడరేమో పదేళ్ళలో మనం నంబర్ వన్నంటన్నాడు. ఈ లీడరేమో రేపే యుద్ధమంటన్నాడు. ఎవులి మాట నమ్మమంటావు మరి?"

"నాకు నిజంగా తెలీదు మామయ్యా."

ఆయనకి నా మీద నమ్మకం తగ్గిపోతోంది. ఫౌజులో ఏం నేర్చుకున్నాడో అని ఇంట్లో అంటాడట. నాన్న మాత్రం నా ఫోన్ల సంగతి తెలిసినవాడు. ఒక మొదటి సోమవారం నేను ఫోన్ పెట్టేశాక అన్నాడు.

"కాలొస్తాదిరా. ఆయన సెప్పాడు కదా." కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నువ్వు మాత్రం ఫోన్ మానీకు," అన్నాడు.

నాన్న ఒక నాయకుడి మాట పక్కన ఇంకో మాట చేర్చడం నేను వినడం అదే మొదటిసారి.

ఇప్పటికీ ఒక్కోరోజు ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడుతుంది. మామయ్య అటు చూసి, ప్లాంటు బాగా నడస్తన్నాది అంటాడు. నాన్న అవునంటాడు. నా చెయ్యి దానంతటదే లేస్తుంది, నేను గడియారం చూస్తాను. నాలుగు నిమిషాలు లెక్కపెడతాను. ఆపుకోలేను. ఆ నాలుగు నిమిషాలూ నాకు మంట కనిపించదు, కప్పు కనిపించదు. ఆ గుమ్మం కనిపిస్తుంది. పక్కపక్కన రెండు బూట్లు, మెరిసేలా తుడిచినవి. కుడిదాని అడుగు అరిగి నున్నగా అయిపోయింది. ఎడమదానికి అంగడివాడు అంటించిన చీటీ ఇంకా ఊడలేదు.